విహారిణికి చిల్లు

ఒక పెద్ద అడవిలో ఎవరికేం కావాలన్నా విహారిణి అనే గోరువంకే దిక్కు. ఎలుగు డాక్టరుకి జబ్బు చెప్పాలన్నా, బొరియలు తవ్వే పందికొక్కుకి పని పురమాయించాలన్నా అదే ఎగరాలి. దానికి షరతు ఒక్కటే: ఒక గడపలో విన్నది ఇంకో గడపలో అనకూడదు. ఆ షరతును నమ్మి, మొగుడికి చెప్పని సంగతులు కూడా దాని చెవిలో వేసేవారు.

కుందేలమ్మకు నలుగురు పిల్లలు పుట్టారు. ఇంకా కళ్లు తెరవలేదు. "తుమ్మపొద కింద వెనకదారి తవ్వమని పందికొక్కుతో చెప్పవే," అని విహారిణిని పంపింది.

పందికొక్కు తర్వాత గడప నక్కది. నక్క పీట వేసి, "ఎండన పడి వచ్చావు, కూర్చోవే. ఇంకేంటి విశేషాలు?" అంది.

అంతే! గోరువంక కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పేసింది. "కుందేలమ్మ వెనకదారి తుమ్మపొద కింద. పిల్లలు నలుగురు. కోతి పంతులుకి ఎక్కాలు రావు..."

పక్కింటి ముళ్లపంది ఇది విని అడవి మండలికి పరుగెత్తింది.

"అయ్యా, విహారిణికి చిల్లుంది!"

"ఎక్కడ? రెక్కలోనా?" అంది కార్యదర్శి ఏనుగు.

"కాదండీ. 'ఇంకేంటి విశేషాలు' అంటే చాలు, అందరి గుట్టూ కక్కేస్తోంది."

"ఆ గుట్టు నువ్వు విన్నావా?"

"నా చెవులారా విన్నానండీ."

"అయితే దొంగ దొరికాడు," అని ఏనుగు ముళ్లపందిని కొట్లో వేయించింది. అంతటితో ఊరుకుంటే ఏనుగెందుకవుతుంది? ఒక సర్క్యులర్ కూడా తీసింది: "విహారిణిని 'ఇంకేంటి విశేషాలు' అని ఎవరూ అడగరాదు. అడిగినచో అందరి రహస్యములూ చెప్పేయును." గడపగడపకూ చదివి వినిపించమని దాన్ని విహారిణికే ఇచ్చింది.

మొదటి గడప కుందేలమ్మది. సర్క్యులర్ వినగానే ఆవిడ, "ఇంకేంటి విశేషాలు?" అని అడిగేసింది.

"నక్క తుమ్మపొద దగ్గర కాపు కాస్తోంది. పెళ్లాన్ని మసాలా నూరమంది. సింహంగారి పళ్లన్నీ నిన్న పీకేశారు. కట్టుడు పళ్లకి ఏడాది పడుతుందట."

కుందేలమ్మ పిల్లల్ని బుట్టలో వేసుకుని, గోరువంకను వెంటబెట్టుకుని ముందు గుమ్మం గుండా మండలికి ఉరికి, నక్క సంగతి మొరపెట్టుకుంది.

రాజు సింహంగారు నోటికి తామరాకు అడ్డం పెట్టుకుని, "పరిషీలిత్తాం. కమిటీ వేత్తాం," అన్నారు.

కుందేలమ్మ ఆయన దగ్గరికెళ్లి చెవిలో చెప్పింది. "ప్రభూ, సాయంత్రానికి ఇది మీ పళ్ల సంగతి అడవంతా చెప్పేస్తుంది. దీన్ని మీ గుహలో పెట్టి తలుపేయండి. నా పిల్లలు కూడా అక్కడే ఉంటారు."

సింహంగారు ఆకు వెనకే మింగలేక కక్కలేక తల ఊపారు.

ఏం జరిగిందో మండలికి అర్థం కాలేదు. కన్నబిడ్డల్ని రాజుగారికి అర్పించిందని ఏనుగు భోరున ఏడ్చి, కుందేలమ్మకు 'త్యాగశీల' బిరుదు ఇప్పించింది. గుహలో పిల్లలు కళ్లు తెరిచి, సింహంగారి తోక పట్టుకుని ఊగుతున్నారు. ముళ్లపంది మాత్రం ఇంకా కొట్లోనే ఉంది. వదిలితే ఇంకో చిల్లు కనిపెడుతుందని మండలి భయం.

నీతి: లోకంలో అన్నిటికన్నా భద్రమైన చోటు, మనకు గుట్టు తెలిసిన పెద్దమనిషి ఇల్లు.