ఏడు రుసుములూ, ఒక్క కబురూ

రండి, ఇంకాస్త ముందుకు జరగండి. స్తంభం చాటున కూర్చున్న తల్లీ, నువ్వూ ఇటు రామ్మా. అందరూ ఒక్కసారి స్వామి పేరు తలుచుకోండి. దాని మీద ఇంకా పన్ను పడలేదు. ఇక వినండి.

ఒక పెద్ద అడవిలో కోటమ్మ అనే వడ్రంగిపిట్ట ఉండేది. గుట్ట మీద ఎండిపోయిన టేకుమాను ఆవిడ కొట్టు. ఎవరికి ఏ కబురు పంపాలన్నా అక్కడికే రావాలి. ఆవిడ ముక్కుతో మాను మీద టకటకా కొడితే అడవి చివరిదాకా వినపడేది.

అయితే కబురు ఊరికే కొట్టడానికి లేదు. సింహం దొరగారి కొలువులో ఖజానా చూసే నక్క సుంకన్న ఒక పద్ధతి పెట్టాడు. కబురు మీద పడే రుసుములన్నీ ముందు పేరుపేరునా కొట్టి వినిపించాలి, ఆ తర్వాతే కబురు. చెట్టు అరుగుదల రుసుము, ముక్కు పన్ను, గాలి వాడినందుకు సుంకం, మారుమూల గుట్టల సాయం, తోడేళ్ళతో యుద్ధం తాలూకు సెస్సు. ఆ యుద్ధం సుంకన్న తాత పుట్టకముందే ముగిసింది. ఇప్పుడా తోడేళ్ళే కొలువులో గుమాస్తాలు. ఆరోది, ఈ అయిదింటి మీద పన్ను. ఏడోది, ఈ ఆరూ వసూలు చేసే ఖర్చు.

కుందేలుకి మనవడు పుట్టాడన్న కబురు పూర్తయ్యేసరికి ఆ మనవడు గెంతుతూ ఎదురొచ్చేవాడు. జంతువులకి అలవాటైపోయింది. మొదటి ఏడూ కొడుతున్నంతసేపూ వీపు గోక్కునేవి, కునుకు తీసేవి. ఎనిమిదోదానికి మాత్రం చెవి పెట్టేవి.

ఇంతలో సాలీడు నూకరాజు వచ్చి చెట్టుకీ చెట్టుకీ దారం కట్టాడు. ఈ కొస లాగితే ఆ కొస కదులుతుంది, అంతే, కబురు చేరిపోయినట్టు. రుసుములు లేవు. చట్టంలో 'చప్పుడు చేసే కబురు' అని రాసుంది, దారం చప్పుడు చెయ్యదాయె. అడవంతా అటు మళ్ళింది. కోటమ్మ ఈగలు తోలుకుంటూ మిగిలింది.

ఆవిడ కొలువుకి వెళ్ళి, తన నెత్తిన ఉన్న రుసుములు తీసేయమని బతిమాలుకుంది. "కబురు కబురే కదా బాబూ. ఇద్దరికీ ఒకటే న్యాయం చెయ్యండి" అంది.

న్యాయం అన్న మాట వినగానే సుంకన్న మొహం వెలిగిపోయింది. తెల్లారేసరికి ఏడు రుసుములూ దారానికీ వేశాడు.

నూకరాజు పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, నాకు ముక్కే లేదు కదండీ. ముక్కు పన్ను ఎలా కట్టను?"

"లేదని ధ్రువపత్రం తెచ్చుకో" అన్నాడు సుంకన్న. "దాని రుసుము ముక్కు పన్నంతే."

ఎగ్గొట్టేవాళ్ళకి శిక్ష కూడా చాటించారు. సాలీడైతే కాళ్ళు కట్టేస్తారు. పిట్టయితే ముక్కుకి తుమ్మజిగురు పూసి వానాకాలమంతా మూసేస్తారు. ముక్కు మూస్తే పిట్ట తినేదేముంది? కోటమ్మకి ఆ రోజు మెతుకు దిగలేదు. తను అడిగిన న్యాయం ఇలా తయారైంది.

ఈ సమానత్వానికి పండగ చెయ్యాలని దొరగారు వాగు మధ్య ఇసుకతిన్నె మీద సభ పెట్టారు. కబుర్లు పంపే ఆ ఇద్దరూ తప్ప పిల్లాజెల్లా అందరూ రావాల్సిందే. సభ సగంలో ఉండగా ఎగువన మబ్బు తెగిపడింది. గుట్ట మీదున్న కోటమ్మకి చెట్లని పెకలించుకుంటూ వస్తున్న ఎర్రనీళ్ళు కనపడ్డాయి. కింద తిన్నె మీద వాళ్ళకి ఎండే కాస్తోంది.

నూకరాజు రొప్పుతూ వచ్చాడు. "అత్తా, వరద కబురు లాగబోయాను. తడిసిన దారం, అయిదో రుసుము దగ్గరే తెగిపోయింది."

కోటమ్మ కళ్ళు మూసుకుంది. "స్వామీ, ముక్కిచ్చింది నువ్వు, పన్నేసింది వాళ్ళు. ఇవాళ్టికి నీ మాటే వింటాను" అనుకుని, రుసుము ఒక్కటీ లేకుండా కొట్టేసింది. వరద వస్తోంది, ఒడ్డెక్కండి.

తిన్నె మీద ఒక్కరూ కదలలేదు. ఎలుగుబంటి వీపు గోక్కుంటోంది. దొరగారు ఆవలిస్తున్నారు. చెట్టు అరుగుదల రుసుము నడుస్తోందనుకున్నారు పాపం.

కోటమ్మకి తెలిసొచ్చింది. మళ్ళీ అదే కబురు కొట్టింది. ముక్కు పన్ను ఉండాల్సిన చోట వరద. గాలి సుంకం చోట వరద. యుద్ధం సెస్సు చోటా వరదే. ముక్కు చిట్లి నెత్తురు కారుతున్నా ఏడుసార్లు కొట్టి, ఎనిమిదోది అందుకుంది. తిన్నె మీద చెవులన్నీ ఒక్కసారే నిక్కాయి. పిల్లల్ని నోట కరుచుకుని అందరూ ఒడ్డుకి పరుగెత్తారు.

మొదటిసారే విన్నవాడు మాత్రం ఒకడున్నాడు. సుంకన్న. అడవి మొత్తంలో రుసుముల మీద చెవి వేసేది ఆయనొక్కడే. అందుకే కదలకుండా కూర్చుని, కొట్టిన ప్రతిసారికీ ఏడేసి చొప్పున ఎగవేతలన్నీ రాసుకుంటున్నాడు. యాభై ఆరోది రాసేసరికి నీళ్ళు మెడ దాకా వచ్చాయి. పుస్తకం కొట్టుకుపోయింది. ఎలుగుబంటి ఆయన తోక పట్టి బయటికి లాగింది.

ఒడ్డున నీళ్ళు కక్కుతూనే సుంకన్న కోటమ్మ మీద ఫిర్యాదు పెట్టాడు. దొరగారు తల పంకించి, శిక్ష శిక్షేనన్నారు. అయితే జిగురు డబ్బా వరదలో పోయింది. కొత్త డబ్బాకి జిగురు సెస్సు వెయ్యాలి, సెస్సుకి సభ పెట్టాలి, సభకి అందరికీ కబురు చెయ్యాలి. కబురు కొట్టాల్సింది కోటమ్మే. ముక్కు మానలేదంటోంది ఆవిడ. ఇప్పటికీ హాయిగా పురుగులు తింటోంది.

ఆవిడ చేసిన ఆ ఒక్క పనీ గుర్తుపెట్టుకోండి నాయనా. ఎవరూ కదలకపోతే కోపం తెచ్చుకోలేదు, మళ్ళీ కొట్టింది. మీరూ ఇంటికెళ్ళి ఈ కథ చెప్పండి.

ఎనిమిదిసార్లు చెప్పండి. నిజం ఒక్కసారే చెబితే జనం దాన్ని పన్ను అనుకుంటారు.