వంగితే పలికే చుక్క

"ఏమండీ, బెల్టు తీశారా?" వంటింట్లోంచి భార్య అరిచింది.

"బెల్లా? ఎవరూ కొట్టలేదే!" అంటూ రేడియో టెలిస్కోపు కేంద్రం డైరెక్టరు హడావిడిగా గడప దాటాడు. కేంద్రాన్ని ఉంచాలా, మూసెయ్యాలా తేల్చడానికి ఆ ఉదయమే కమిటీ వస్తోంది. ఇన్నేళ్ళుగా ఆకాశానికి చెవి ఒగ్గి కూర్చున్నా ఏ గ్రహం నుంచీ పలకరింపు లేదు. పైవాళ్ళ ఆగ్రహం మాత్రం ఠంచనుగా అందుతోంది.

బ్యాటరీ ఉన్న వస్తువేదీ కేంద్రంలోకి రాకూడదన్నది డైరెక్టరుగారు పెట్టిన నియమం. ఎంత చిన్న పరికరమైనా టెలిస్కోపు చెవిలో జోరీగే. అందుకే గేటు దగ్గర కావలివాడు అందరి జేబులూ తడుముతాడు. నియమం పెట్టిన మనిషిని ఎవరు తడుముతారు? సలాం కొట్టి వదిలేశాడు.

లోపల ఆపరేటరమ్మ తెర ముందు దిగాలుగా కూర్చుని ఉంది. డైరెక్టరు వంగి తెరలోకి చూశాడు. మూడు గీతలు చివ్వున లేచాయి!

"సార్! సిగ్నల్!"

"నాకు వెన్నులో జలదరించిందమ్మా!"

ఆయన నిటారుగా నిలబడగానే గీతలు మాయం. ఆవిడ వంగి చూసింది. ఏమీ లేదు. ఆయన వంగాడు. మళ్ళీ మూడు.

"మీరు చూస్తేనే వస్తోంది సార్. నాకు రావట్లేదు."

"వాళ్ళక్కూడా హోదా తెలుసమ్మా!"

ఆవిడ అనుమానంగా టెలిస్కోపును వేరే దిక్కుకు తిప్పింది. ఆయన వంగాడు. అయినా మూడే.

"ఆకాశమంతా వాళ్ళే!" డైరెక్టరు గంతేశాడు.

అంతలో కమిటీ దిగింది. ఆయన ఒక్కొక్కరికీ నడుము వంచి నమస్కారం పెట్టాడు. ప్రతి నమస్కారానికీ తెర బదులిచ్చింది. ఛైర్మన్‌గారు తెరకు ముక్కు ఆనించి చూశారు.

"గ్రహాల అనుగ్రహం సార్! ప్రపంచానికి చెప్పేస్తున్నా!" డైరెక్టరు బల్ల మీది ల్యాండ్‌లైన్ ఫోను ఎత్తాడు.

"చెప్పకండీ!" తలుపు దగ్గర భార్య రొప్పుతూ నిలబడింది. వెనకాలే కావలివాడు. "బెల్టు తీశారా అంటే బెల్లంటారేం? మీ గూని పోవాలని నేను కట్టిన బెల్టు! వంగితే మూడుసార్లు చురుక్కుమనిపిస్తుంది. బ్యాటరీదండీ అది!"

డైరెక్టరు మూలకెళ్ళి, చొక్కా ఎత్తి, బెల్టు విప్పి, కావలివాడి చేతికిచ్చి బయటికి పంపాడు. వచ్చి వంగాడు. తెర మీద ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అయితే సిగ్నల్ వచ్చింది గ్రహాంతరం నుంచి కాదు, గృహాంతరం నుంచన్నమాట!" అన్నారు ఛైర్మన్.

"మూసేస్తారా సార్?" డైరెక్టరు చొక్కా సర్దుకుంటూ అడిగాడు.

ఛైర్మన్ తన నడుము పట్టుకుని, కుర్చీలో మెల్లగా కూలబడ్డారు. "చొక్కాలో దాక్కున్నదాన్నే వదల్లేదు మీ టెలిస్కోపు. చుక్కల్లో ఉన్నవాణ్ణి వదులుతుందా? ఇంకో ఏడాది చూద్దాం. అవునమ్మా, ఆ బెల్టు ఎక్కడ దొరుకుతుంది?"

మర్నాటి నుంచి కావలివాడు అందరి జేబులూ తడుముతున్నాడు. డైరెక్టరుగారిని మాత్రం ఒక్కసారి వంగమంటున్నాడు.