నూకయ్య నేత్రవిజయం

వంశధారాజలపానంతో మదించిన వరిపైరులు బంగారు తలలూపుతున్న కళింగసీమలో, కీలకనామ సంవత్సర కార్తీకమాసాన, సహస్రకిరణుడు నరసన్నపేట పెంకుటిళ్ల నడినెత్తికెక్కిన వేళ, గట్టుతగవుల గండరగండడు, ఒకనాటి నాటకాలలో రాజవేషధారి, షష్టిపూర్తి దాటిన రైతుసింహం నూకయ్య, ధర్మపత్ని బుల్లమ్మ వెంటరాగా, డేవిడ్‌రాజు ఫొటో స్టూడియోలో పాదం మోపాడు.

మృత్యువు ఏ క్షణాన వచ్చినా తడుముకోనక్కరలేకుండా ఆ దూరదర్శి సర్వం సర్దేశాడు. కొడుకులకు పొలం పంచాడు. తన చితికి పెరట్లో మామిడిచెట్టు చూపించాడు. తన తదనంతరం బుల్లమ్మ పెద్దకొడుకు దగ్గరుండాలని శాసించాడు. ఇక మిగిలింది గోడమీద వేలాడవలసిన ఫొటో. "మీ అయ్య ఎలాగుండేవోడు తాతా?" అని మనవలు అడిగిననాడు, తండ్రి ముఖం సరిగా గుర్తురాని ఆ వీరుడు, తన ముఖానికి ఆ గతి పట్టనివ్వనని ప్రతినబూనాడు.

కానీ హా! నల్లగుడ్డ ముసుగులోంచి కెమెరా అనే ఏకాక్ష రాక్షసి చూడగానే, విద్యుద్దీపాలు కాంతిశరపరంపర కురిపించగానే, నూకయ్య కనురెప్పలు శత్రుభయంతో కోటతలుపుల్లా ధడాలున మూసుకున్నాయి. మళ్లీ తీస్తే మళ్లీ మూతపడ్డాయి.

"ఇలాగైతే, బతికుండగానే పోయినట్టు పడతారండి," అన్నాడు డేవిడ్‌రాజు చెమట తుడుచుకుంటూ.

నూకయ్య మీసం దువ్వి గర్జించాడు. "ఓసి రెప్పల్లారా! వరదకి జడవలేదు, తాసుపాముకి జడవలేదు. ఈ బుడ్డి లైట్లకి మూసుకుంటారా? రేపు నా మనవలు గోడమీద ఎవుల్ని సూడాల? కునికిపాట్లు పడతన్న ముసిలోడినా? తెరుసుకోండి!"

రెప్పలు వినలేదు. అప్పుడు, అంతదాకా బల్లమీద కూర్చున్న బుల్లమ్మ నోరు విప్పింది.

"అన్నీ సర్దీసినావు. నువ్వు పోతే నానెక్కడుండాలో సెప్పీసినావు. మరి నానే ముందు పోతే, నువ్వెక్కడుంటావు?"

సర్వం సర్దిన ఆ మహామేధావికి ఆ ఆలోచన ఏనాడూ తట్టలేదు. కళ్లు రెండూ కలువల్లా విచ్చుకున్నాయి. డేవిడ్‌రాజు బటన్ నొక్కేశాడు.

"అలాటి మాటలాడకే," అన్నాడు నూకయ్య. ఆ గొంతులో రాజూ లేడు, వేషమూ లేదు. "ఇలా రా. నా పక్కన కూకో. బాబూ, ఇంకోటి తియ్యి."

"నా మొకానికి ఫొటో ఏటి?" అంటూనే ఆమె జుట్టు సవరించుకుని వచ్చి కూర్చుంది.

మళ్లీ కాంతిశరాలు కురిశాయి. బుల్లమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. నూకయ్య మాత్రం కెమెరా సంగతే మరచి, పక్కకు తిరిగి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

దిగ్దంతులారా, చెవులొగ్గండి! అష్టదిక్కులు పిక్కటిల్లేలా చాటుతున్నాం: ఆ మధ్యాహ్నం, నరసన్నపేటలో, నూకయ్య ఒక రెప్పపాటు కాలం రెప్ప వేయలేదు!