గవర్రాజు గారి మిగతా ఇరవై ఆరు కిలోలు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా గుమాస్తాగా చేసి రిటైరైన గవర్రాజు గారు ఏడాదిలో తగ్గించుకున్న ఇరవై ఆరు కిలోలూ గురువారం పొద్దున ఇంటికొచ్చి, వాలుకుర్చీలో కూర్చుని, ఆయన భార్య నూకరత్నాన్ని మంచినీళ్లడిగాయి.

ఇందులో వింతేమీ లేదు. తగ్గిన బరువు ఎక్కడికీ పోదు, తిరిగొచ్చిన వారంలోగా వార్డు సచివాలయంలో నమోదు చేయించాలని డాక్టరు చీటీ మీద రాసే ఇచ్చారు. పందొమ్మిదేళ్ల షుగరు ఆయనది. పూటకి ముప్పై యూనిట్ల ఇన్సులిన్ని, ఎండనక వాననక నడిచి, రాత్రి అన్నం మానేసి, డాక్టరు చెప్పినట్టే మెల్లమెల్లగా ఆరుకి దించారు. మిగతా ఇరవై నాలుగు యూనిట్లూ ఇప్పుడు ఆ తిరిగొచ్చిన కిలోల పేరు మీద మంజూరయ్యాయి.

నిజానికి ఇది భుజం తట్టాల్సిన ఘనకార్యం. కానీ మన ఊళ్లలో సన్నబడ్డవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు, పరామర్శిస్తారు. "ఏటి బాబూ, ఇలా సిక్కిపోనారు?" అని వీధి వీధంతా ఏడాదిపాటు జాలిపడింది.

మధ్యాహ్నం సచివాలయం అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. ఒక రేషన్ కార్డులో ఒక్క గవర్రాజే ఉండాలి, రెండోవారి పేరు తీసేయాలి. ఆయన వేలు పెట్టారు. మెషిన్ ఒప్పుకోలేదు. కిలోలు వేలు పెట్టాయి. పచ్చ లైటు వెలిగింది.

"మెషిన్ సంగతి వదిలేయమ్మా. మా ఆవిడ్ని అడుగు," అన్నారాయన. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం ఆవిడ నోటిమాట మీద ఆగి ఉంది.

నూకరత్నం ఇద్దర్నీ చూసింది. భోజనం ముందు ఇంజెక్షన్ వేళైంది. పందొమ్మిదేళ్లుగా పొట్ట మడత రెండు వేళ్లతో పట్టుకుని సూది వేస్తున్న చెయ్యి అది. భర్త చొక్కా ఎత్తి తడిమితే వేళ్లకి ఏమీ చిక్కలేదు. కుర్చీ వైపు చెయ్యి చాపితే మడత తనంతట తానే వేళ్లలోకి వచ్చింది.

"ఈయనేనమ్మా," అంది. తర్వాత భర్త వైపు తిరిగి, "మీకేటండీ, బాగైపోనారు. నాను నేకపోతే ఈయనకెవులున్నారు?" అంది.

గవర్రాజు గారికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ మాటలో తప్పెక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. ఫారం మీద సంతకం పెట్టి బయటికి నడిచారు.

పేరు తీసేసినవాళ్లని ఇరుగుపొరుగు గుర్తుపట్టకూడదని నిబంధన. అందుకని ఎదురింటి సూరప్పడు కొత్తవాణ్ణి అడిగినట్టే అడిగాడు.

"ఎవులింటికొచ్చారు బాబూ?"

"గవర్రాజు గారిని చూసి పోదామని."

"ఎలాగున్నారేటి?"

"అలాగే ఉన్నారు."

"పోన్లెండి, అదే పదివేలు," అన్నాడు సూరప్పడు, మనసు నిమ్మళించి.