ఉక్కుమంచు కేక

ఆ సోమవారం పొద్దున ఇల్మో పెట్టుకున్న పని ఒక్కటే, మధ్యాహ్నం కాఫీలోపు పాట రికార్డు చేసెయ్యడం. మంచుదేశపు పట్టణం కయానీలో వాళ్ల అపార్టుమెంటు కింద, యుద్ధమొస్తే దాక్కోవడానికి కట్టిన బంకరులో అతని మెటల్ సంగీతపు బ్యాండు "ఉక్కుమంచు" సాధన చేసేది. ఉక్కపోత భరించలేక ఇనుప తలుపు బార్లా తెరిచారు. పాట చివర పెద్ద కేక ఉంది. ఇల్మో కళ్లు మూసుకుని నోరు తెరిచాడు. ఏడు సెకన్లపాటు, ఎక్కడా వణక్కుండా, గోడలు అదిరేలా కేక వచ్చింది.

అది తన గొంతేనా అని అతనికే అనుమానం. డ్రమ్ములు వాయించే రేయో మాత్రం తడి కళ్లతో, "ఒరేయ్, ఇన్నాళ్లూ ఇదెక్కడ దాచావురా?" అన్నాడు. ఇరవై ఏళ్ల స్నేహంలో రేయో మెచ్చుకోవడం అదే మొదలు. అప్పుడు ఇల్మో గడియారం చూశాడు. నెలలో మొదటి సోమవారం, సరిగ్గా పన్నెండు. దేశమంతటా ప్రమాద సైరన్లను ఏడు సెకన్లు మోగించి పరీక్షించే వేళ. నిజం నోటిదాకా వచ్చింది గాని, ఆ కళ్లను చూసి మింగేశాడు.

ఆ కేకతో ఉక్కుమంచు పేరు మారుమోగిపోయింది. కచేరీకి పిలిచిన ప్రతివాడికీ ఇల్మో మొదటి సోమవారం, పన్నెండు గంటలు, ఆరుబయట అనే చెప్పాడు. పట్టపగలు మెటల్ ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు, అందుకే విమర్శకులు అందులో తత్త్వం చూశారు. అసలు సంగతి పసిగట్టినవాళ్లు లేకపోలేదు. పరాయివాడి విషయంలో తలదూర్చడం మర్యాద కాదని వాళ్లు ఊరుకున్నారు.

ఇంతలో రేయో, ఇల్మోను అడగకుండానే, సరస్సు ఒడ్డున జరిగే పెద్ద ఉత్సవానికి ఒప్పేసుకున్నాడు. శనివారం సాయంత్రం, పన్నెండు వేల మంది.

"సోమవారానికి మార్చరాదూ?"

"నీకేమన్నా పిచ్చా? ఆ కేకొక్కటి పెట్టు, చాలు."

నెల రోజులు ఇల్మో ఆవిరిస్నానపు గదిలో కూర్చుని అరిచాడు. శనివారం వేదికెక్కి నోరు తెరిచాడు. కేక వచ్చింది. ఈసారి నిజంగా తనదే. కాకపోతే భయానికి పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ లేచి, నిమిషంపాటు సాగింది. సైరన్ నిలకడగా మోగితే పరీక్ష, ఎగిసి పడితే నిజమైన ప్రమాదం, ఇంటికెళ్లి కిటికీలు మూసుకుని రేడియో వినాలి. అక్కడ చంటిపిల్లలకీ తెలిసిన సంగతి అది.

పన్నెండు వేల మందీ చేతుల్లోని సాసేజీలు కింద పెట్టి, తోసుకోకుండా, వరుసలో ఇళ్ల దారి పట్టారు. ముందు వరుసలోని ముసలావిడ, "బాగా పాడావు బాబూ, నేను పోయి రేడియో పెట్టుకోవాలి" అని చెప్పి మరీ వెళ్లింది. రేయో కూడా కర్రలు పక్కన పెట్టి లేచాడు.

"ఒరేయ్, ఇది సైరన్ కాదురా. ఈ ఒక్కటీ నాదే," అన్నాడు ఇల్మో.

"నీదైనా సరే, నియమం నియమమే. పద."

ఉక్కుమంచును మళ్లీ ఏ ఊరూ పిలవలేదు. ఆ సాయంత్రం మాత్రం ఇల్మో, ఎందుకైనా మంచిదని, ఇంటికి వెళ్లి తనూ కిటికీలు మూసుకున్నాడు.