మర్ఫీ తలూపుడు ఫ్రెంచి

మర్ఫీకి ఫ్రెంచి రాదు. ఆ సంగతి తనకీ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదని అతని ధీమా.

లూసియానాలో ఫ్రెంచి వాళ్ళ వంశంలో పుట్టి, సోన్యే అని ఇంటిపేరు తగిలించుకుని, ఫ్రెంచి రాదంటే పరువేం కావాలి? అందుకే టెక్సస్ పిల్ల డార్లాని పెళ్ళి చేసుకున్న కొత్తలోనే "ఫ్రెంచా? నాకు ఉగ్గుపాలతో వచ్చింది" అని కోతలు కోసేశాడు. ఆదివారం ఆదివారం తల్లి ఓడెల్ తన ఇంటి వరండాలో కూర్చుని గడగడా ఫ్రెంచిలో ఏదో అంటుంది. మర్ఫీ కాఫీ చప్పరిస్తూ "వీ, వీ" అని తలూపుతాడు. అంటే అవునవును అని. అతనికొచ్చిన ఫ్రెంచి అంతే. ఇన్నేళ్ళ కాపురంలో అతని పరువు ఆ ఒక్క ముక్క మీదే నిలబడి ఉంది.

చిక్కు కూతురితో వచ్చింది. ఆరేళ్ళ ఎలోడీని బడిలో ఫ్రెంచి తరగతిలో వేశారు. అక్కడ లెక్కలు కూడా ఫ్రెంచిలోనే. బెల్జియం నుంచి దిగిన టీచరమ్మ, ఇంట్లో కూడా ఎవరైనా పిల్లతో ఫ్రెంచి మాట్లాడితే మంచిదని చెప్పి పంపింది.

"ఇంకేం, నువ్వున్నావుగా! భోజనాల దగ్గర తండ్రీ కూతుళ్ళు ఫ్రెంచిలోనే మాట్లాడుకోండి" అంది డార్లా.

మర్ఫీకి గంబో పులుసన్నం ముద్ద గొంతులో అడ్డం పడింది.

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"మనది లూసియానా కేజన్ ఫ్రెంచి. ఆవిడది బెల్జియం ఫ్రెంచి. రెండూ కలిపితే పిల్ల బుర్ర గందరగోళమైపోతుంది."

"అంత తేడానా?"

"పీతకీ రొయ్యకీ ఉన్నంత!"

"పాపం, కూతురి కోసం ఎంత నోరు కట్టుకుంటున్నావో!" అంది డార్లా. అది వెక్కిరింతో మెచ్చుకోలో తేలలేదు. మర్ఫీ మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాడు.

ఆ రోజు నుంచి అతనికి ఆదివారాలు గండంలా తయారయ్యాయి. తల్లి ఫ్రెంచి ఎత్తుకుంటే చాలు, "ఎలోడీ, వెళ్ళి కోళ్ళకి గింజలు వెయ్యమ్మా" అనేవాడు. ఓడెల్ గారి కోళ్ళు తినీ తినీ నడవలేని స్థితికొచ్చాయి.

ఒక ఆదివారం జోరున వాన పట్టుకుంది. ఎలోడీ వరండా దాటి కదల్లేదు. నానమ్మ పక్కన చేరి ఫ్రెంచిలో ఏదో అడిగింది. నానమ్మ ఏదో చెప్పింది. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

"అదేంటి, ఒక్క బుర్రా గందరగోళం కాలేదే?" అంది డార్లా చిక్కుళ్ళు ఒలుస్తూ.

మర్ఫీ కాఫీ కప్పులో తల దూర్చాడు. అంతలో తల్లి అతని వైపు తిరిగి ఫ్రెంచిలో ఏదో అంది. "వీ, వీ" అన్నాడు. ఇంకోటి అంది. "వీ, వీ." మూడోది కొంచెం సాగదీసి అంది. ఇదేదో ముఖ్యమైన సంగతిలా ఉందని మర్ఫీ కప్పు కింద పెట్టి మరీ "వీ! వీ!" అన్నాడు.

ఎలోడీ కిసుక్కుమంది.

"ఏమందే నానమ్మ?" అడిగింది డార్లా.

"వరండాకి రంగు వేస్తావా అంది. నాన్న అవునవును అన్నాడు."

"మంచిదేగా. ఇంకా?"

"మార్డి గ్రా పండగ రోజున ముసుగేసుకుని, బురదలో పరిగెత్తి కోడిని పడతావా అంది. దానికీ అవునవును అన్నాడు."

మర్ఫీ మోకాళ్ళు అప్పుడే సలపడం మొదలెట్టాయి.

"మూడోది?"

ఎలోడీ రెండు చేతులతో నోరు మూసుకుని, వేళ్ళ సందులోంచి చెప్పింది. "ఫ్రెంచి వచ్చని నీ పెళ్ళానికి అబద్ధం చెప్పావా అంది. దానికి గట్టిగా అన్నాడు."

మర్ఫీ చెవులు కాలిపోయాయి. వాన గనక లేకపోతే అటునుంచి అటే పారిపోయేవాడు.

"నీకెప్పట్నించి తెలుసమ్మా?" అన్నాడు తల్లితో.

"నేర్పకపోయినా ఊళ్ళో వినీ వినీ వచ్చిందనుకున్నా. మీ మామయ్య పోయాడని నే ఫ్రెంచిలో ఏడుస్తూ చెబితే, నవ్వుతూ వీ వీ అన్నావు చూడు, అప్పట్నించి" అంది తల్లి ఇంగ్లీషులో.

"నాకు పెళ్ళైన ఏడాదే అత్తయ్య చెప్పేశారు. ఇవాళ్టి మూడో ప్రశ్న నాదే" అంది డార్లా.

ఇద్దరూ కలిసి ఇన్నేళ్ళూ తనని ఆడించారన్నమాట. మర్ఫీకి ఉక్రోషం ముంచుకొచ్చింది.

"నువ్వు నేర్పితేగా నాకొచ్చేది! ఈ ఇంట్లోనే పుట్టాను కదా, ఒక్క ముక్కయినా నేర్పావా?"

ఓడెల్ నవ్వు ఆగిపోయింది. వాన వంక తిరిగి చెప్పింది.

"బడిలో వేసేనాటికి నాకు ఇంగ్లీషు రాదురా. బాత్రూముకి వెళ్ళాలని ఫ్రెంచిలో అడిగాను. బడిలో ఫ్రెంచి మాట్లాడతావా అని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. గౌనులోనే అయిపోయింది. క్లాసంతా నవ్వారు. నా పిల్లలకి ఆ గతి పట్టకూడదని మీరు పెద్దయ్యేదాకా నోరు నొక్కుకున్నాను. అప్పుడు మాట్లాడ్డానికి సిగ్గు. ఇప్పుడు నేర్పలేదని సిగ్గు."

అబద్ధం బయటపడ్డ సిగ్గు దీని ముందు మర్ఫీకి సిగ్గే కాదనిపించింది. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మోసిన భాషతో తను ఇన్నేళ్ళూ ఊరికే డాబులు కొట్టుకున్నాడు.

ఏం చెయ్యాలో తోచక లేచాడు. తాగిన కాఫీ కూడా తొందర పెడుతోంది. లోపలికెళ్ళబోతే ఎలోడీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి?"

"బాత్రూముకే."

"మా క్లాసులో ఫ్రెంచిలో అడిగితేనే పంపిస్తారు. మాకు మొట్టమొదట నేర్పింది అదే."

"తల్లీ, అర్జెంటే!"

"అడుగు మరి."

పిల్ల చెప్పింది. మర్ఫీ అన్నాడు. తప్పు. మళ్ళీ చెప్పింది, మళ్ళీ అన్నాడు. మళ్ళీ తప్పు. కాళ్ళు మెలివేసుకుని, చెమటలు కక్కుతూ ముక్క ముక్క కూడబలుక్కుంటుంటే డార్లా కడుపు పట్టుకుని నవ్వింది. ఎట్టకేలకు వాక్యం మొత్తం బయటపడింది.

ఓడెల్ మాత్రం నవ్వలేదు. ఆప్రాన్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"వెళ్ళనివ్వవే. అడిగాడుగా" అంది.

అతను తిరిగొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆవిడ మళ్ళీ ఫ్రెంచిలో ఏదో అంది. "వీ" నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అర్థం కాలేదమ్మా. మళ్ళీ చెప్పు."

ఆవిడ మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. మర్ఫీ కూతురి వంక చూశాడు.

"వరండాకి నీలం రంగయితే బావుంటుందంది" అని చెప్పింది ఎలోడీ.

మర్ఫీ వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి, నిట్టూర్చాడు.

"వీ" అన్నాడు, ఈసారి అర్థమయ్యే.