ఇన్‌స్పెక్టరుగారి రెండో బోర్డు

పొద్దున్నే మబ్బులు ఏకిన దూదిలా ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. మంచి గాలి. కిటికీలోంచి చూసిన తూనికల ఇన్‌స్పెక్టరు కాఫీ సగంలో వదిలేసి లేచాడు. రెండేళ్లుగా ఆదివారాలు సరస్సు మీద, నిలబడి గాలివాటున నడిపే తెరచాప బోర్డు నేర్చుకుంటున్నాడు. మొదటి బోర్డు మంచమంత వెడల్పు. దాని మీద ఆవునైనా నిలబెట్టొచ్చు. ఇప్పుడు మలుపులు తిప్పడం వచ్చింది కాబట్టి చిన్నది, చురుకైనది కావాలి.

"చిన్నదంటే ఎంత చిన్నదండీ?" అంది భార్య.

"అది దుకాణంవాడు చెబుతాడు. నువ్వు పద."

పది గ్రాముల తేడాకు కిరాణావాళ్లను ఏడిపించిన మనిషి గడప తొక్కగానే దుకాణదారు లేచి నిలబడ్డాడు.

"బరువును బట్టి బోర్డండీ, దాని సైజు లీటర్లలో లెక్క. మీ కిలోలకు ఓ నలభై కలిపితే అన్ని లీటర్లది సరిపోతుంది. తమరెంత?"

"డెబ్బై అయిదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఊపిరి బిగబట్టి. అది పెళ్లినాటి లెక్క.

దుకాణదారు చూపు ఆయన చొక్కా గుండీల మీద ఒక్క క్షణం ఆగింది. "ఓసారి కాటా ఎక్కుతారా?"

"నాకే తూకం నేర్పుతావుటయ్యా?"

భార్య దగ్గింది. నూట పదిహేను లీటర్ల బోర్డు కారెక్కింది.

గాలి ఉన్నంతసేపు బాగానే పోయింది. నడి సరస్సులో గాలి పడిపోయింది. బోర్డు తొందరేమీ లేకుండా, మర్యాదగా కిందికి దిగింది. ఇన్‌స్పెక్టరు నడుము లోతు నీళ్లలో, తెరచాప పట్టుకుని, జెండా ఎగరేసే పెద్దమనిషిలా నిలబడ్డాడు. ఒడ్డున జనం కేకలు పెట్టారు. పడవవాడు వెళ్లి తాడు కట్టి లాక్కొచ్చాడు.

"ఏమైందండీ?" అన్నాడు పడవవాడు.

సిగ్గు నోటిని ఊరుకోనివ్వలేదు. "బోర్డు దొంగది! రాసినదానికంటే లీటర్లు తక్కువ!"

తూనికల ఇన్‌స్పెక్టరు 'తక్కువ' అన్నాడంటే అది కేసే. గంటలో మాట దుకాణానికి చేరింది. దుకాణదారు కాటా, తూకం రాళ్లు బండిలో వేసుకుని రొప్పుతూ వచ్చాడు.

"బాబ్బాబు, దుకాణం మూయించకండి! ఇక్కడే పరీక్ష పెట్టండి."

డెబ్బై అయిదు కిలోల రాళ్లు బోర్డు మీద పేర్చారు. బోర్డు బాతులా తేలింది.

"బోర్డుదేం తప్పులేదు," అన్నాడు పడవవాడు. "ఇక మిగిలింది..."

అందరూ మిగిలినదాని వంక చూశారు.

కాటానే తప్పు అనొచ్చు. కానీ దాని మీద ముద్ర ఆయనదే. దుకాణదారు దండం పెట్టిన చేతులు ఇంకా దించలేదు. ఇన్‌స్పెక్టరు ఆ చేతుల వంక చూసి, కాటా ఎక్కాడు.

"తొంభై తొమ్మిది కిలోల రెండు వందలు," అని తానే పైకి చదివాడు. "ఆ బోర్డు సరైనదే. తప్పు నాది."

దుకాణదారుకు ప్రాణం లేచొచ్చింది. అంతలో గాలి కూడా లేచింది. చూస్తుండగానే ఇన్‌స్పెక్టరు భార్య కొంగు దోపుకుని, రాళ్లు దింపించి, తెరచాప ఎత్తి, సరస్సు అవతలి ఒడ్డు దాకా వెళ్లి, మలుపు తిప్పుకుని వచ్చింది.

"నువ్వెప్పుడు నేర్చుకున్నావే?"

"మీరు ఆఫీసుకెళితే పెద్దబోర్డు ఖాళీయేగా!"

మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. కొత్త బోర్డు ఆవిడ కుర్చీ వెనకే గోడకు ఆనించి ఉంది. తప్పుడు తూకం దొరికితే సరుకు జప్తు చేయడం ఆయన డ్యూటీ. ఈసారి ఆయన పనిని ఆవిడ చేసిపెట్టింది.